సైన్యమే లేని పదో నిమిషంలో గుండె ఎందుకు దడదడలాడుతుంది? (ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2)

కోటగుమ్మం (విజయనగరం) అడిగినది:

అందరికీ నమస్కారం. నేను విజయనగరంలో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. వేసవి సెలవుల్లో మా బావ తన పాత ల్యాప్‌టాప్ నాకు ఇచ్చేస్తూ, అందులో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 డెఫినిటివ్ ఎడిషన్ (ఊరు కట్టి, సైన్యాన్ని పెంచి యుద్ధం చేసే కంప్యూటర్ ఆట) వేసి పెట్టాడు. అంతకు ముందు నాకు తెలిసినవన్నీ ఫోన్‌లో ఆడే తుపాకీ ఆటలే. వాటిలో ఎదుటివాడు కనబడగానే గుండె వేగం పెరగడం నాకు అర్థమయ్యే విషయమే, ఎందుకంటే వాడు కాల్చే లోపు నేను కాల్చాలి. ఈ ఆటలో జరుగుతున్నది మాత్రం నాకు అంతుచిక్కడం లేదు.

ఆట మొదలైనప్పుడు నా దగ్గర ఉండేది ఒక టౌన్ సెంటర్ (కొత్త మనుషులు పుట్టే ఊరి నడిబొడ్డు భవనం), ముగ్గురు విలేజర్లు (పనివాళ్లు), గుర్రం మీద తిరిగే ఒక స్కౌట్ (వేగు). గిడ్డంగిలో 200 ఆహారం, 200 కలప, 100 బంగారం, 200 రాయి ఉంటాయి. మొదటి పది నిమిషాల్లో నేను చేసేదల్లా గొర్రెలను ఇంటికి తోలుకురావడం, చెట్లు కొట్టించడం, పళ్ల పొదల దగ్గర ఒక మిల్లు కట్టించడం. కత్తి పట్టిన మనిషి ఒక్కడూ నా వైపు ఉండడు, శత్రువు ముఖం కూడా చూసి ఉండను, అయినా అరచేతులకు చెమట పడుతుంది, మౌస్ పట్టిన చెయ్యి బిగుసుకుపోతుంది. ఒక రాత్రి మా అమ్మ మంచినీళ్ల కోసం లేచి వచ్చి, నా వెనక కాసేపు నిలబడి చూసి, "ఏట్రా, గొర్రెలు కాసుకోడానికేనా పదకొండు దాకా మెలకువ?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేకపోయింది.

అనుభవం ఉన్నవారు ఈ ఉత్కంఠ ఎక్కడి నుంచి పుడుతున్నదో చెప్పగలరా? ఆటలో కనిపించే రాజుల పేర్లు, రాజ్యాల పేర్లు కూడా దానికి కారణమా, లేక అవి పైపూత మాత్రమేనా? ఇంకొక మాట కూడా అడగాలి. ఆటలోని నాలుగు యుగాల్లో మూడోదైన క్యాజిల్ ఏజ్‌కు చేరేసరికి నేను దాదాపు ప్రతిసారీ ఓడిపోతున్నాను. ఎదుటివాడు నలభై మంది సైనికులతో వచ్చే సమయానికి నా దగ్గర పన్నెండు మంది ఉంటారు, పైగా ఖర్చు పెట్టని ఆహారం వెయ్యికి పైగా మూలుగుతూ ఉంటుంది.

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం):

మీ చివరి వాక్యంలోనే మీ ఓటమికి కారణం ఉంది, మీరు అడిగిన ఉత్కంఠకు మూలం కూడా అక్కడే ఉంది. అందువల్ల రెండింటికీ కలిపే సమాధానం రాస్తాను.

నేను ఈ ఆటను మొదట చూసినది 2001లో, శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌కు దగ్గరలో ఉన్న ఒక నెట్ సెంటర్‌లో. 1999లో విడుదలైన ఆట మా ఊరికి చేరడానికి రెండేళ్లు పట్టింది. ఆరు కంప్యూటర్లను ఒకదానికొకటి తీగలతో కలిపి, ముగ్గురు ఒక వైపు, ముగ్గురు ఇంకొక వైపు చేరి ఆడేవాళ్లం. గంటన్నర ఆడి గెలుపు అంచుకు వచ్చాక కరెంటు పోతే అరుచుకుంటూ రోడ్డు మీదకు వచ్చేవాళ్లం. ఎవరు గెలిచేవారో తేలని ఆ ఆటల గురించి ఇప్పటికీ మా స్నేహితుల మధ్య వాదన నడుస్తూనే ఉంది.

ఇక విషయానికి వస్తాను. ఒక విలేజర్ ధర 50 ఆహారం, పుట్టడానికి పట్టే సమయం 25 సెకన్లు. ఈ ఆట మొత్తానికి ఆయువుపట్టు ఈ రెండు అంకెలే. ఒక్క టౌన్ సెంటర్‌తో ఇరవై నిమిషాల్లో, అంటే 1200 సెకన్లలో, ఎంత జాగ్రత్తగా ఆడినా 48 మంది కంటే ఎక్కువ మందిని పుట్టించలేరు. రెండో యుగమైన ఫ్యూడల్ ఏజ్‌కు మారడానికి 130 సెకన్లు, క్యాజిల్ ఏజ్‌కు మారడానికి 160 సెకన్లు పడతాయి, ఆ సమయంలో టౌన్ సెంటర్ ఇంకెవరినీ పుట్టించదు కాబట్టి లెక్క 36కు దిగిపోతుంది. ఆ పైన మీరు పళ్ల పొదల వైపు చూస్తూ టౌన్ సెంటర్ సంగతి మరచిపోయిన ప్రతి 25 సెకన్లకూ ఒక మనిషి తగ్గిపోతాడు. పోయిన బంగారాన్ని మళ్లీ తవ్వుకోవచ్చు, కూలిన గోడను మళ్లీ కట్టుకోవచ్చు, కాని ఆ 25 సెకన్లను తిరిగి తెచ్చుకునే దారి ఆటలో ఎక్కడా లేదు. మీకు తెలియకుండానే మీ మనస్సు ఆ లెక్క వేసుకుంటూ ఉంటుంది, అందుకే శత్రువు కనబడక ముందే అరచేతులకు చెమట పడుతుంది.

మాది వంశధార కాలువ కింద సాగు చేసే కుటుంబం. గొట్టా బ్యారేజి నుంచి నీరు వదిలారన్న కబురు వచ్చిన రోజున మా నాన్నగారి ముఖంలో కనిపించే ఆదుర్దాను నేను ఈ ఆటలోనే మళ్లీ చూశాను. నారు అప్పటికే సరైన వయస్సుకు రావాలి, దమ్ము పట్టిన మడి సిద్ధంగా ఉండాలి, ఉభాలకు (నాట్లు వేయడానికి) మనుషులు దొరకాలి, ఎగువ రైతు నీరు కట్టేసుకోక ముందే మన బోదె తెరవాలి. వీటిలో ఒక్కొక్కటీ చిన్న పనే, విడిగా చూస్తే ఏదీ కష్టం కాదు, కాని అన్నీ ఒకే పూట మీద పడతాయి, ఏ ఒక్కదాని కోసమూ మిగతావి ఆగవు. చదరంగంలో ఎత్తు వేశాక ఎదుటివాడు ఆలోచించుకునేంతసేపు మనం టీ తాగవచ్చు. మేక-పులి ఆటలోనూ అంతే. రియల్ టైమ్ స్ట్రాటజీలో, అంటే వంతులు లేకుండా అందరూ ఒకేసారి ఆడే ఇలాంటి యుద్ధపు ఆటలో, మీరు ఆలోచిస్తున్న క్షణం కూడా ఖర్చులోకే వెళ్తుంది.

అడవిపందిని గమనించారా? దానిలో 340 ఆహారం ఉంటుంది, గొర్రెలో ఉండేది 100 మాత్రమే. ఆ పందిని బాణంతో కొట్టి, అది వెంటపడుతుంటే టౌన్ సెంటర్ దాకా పరిగెత్తించుకురావాలి. విలేజర్‌కు ఉండే ప్రాణం 25 పాయింట్లు, పంది నాలుగు పోట్లు పొడిస్తే చాలు. ఆ పరుగు కొద్ది సెకన్లే ఉంటుంది, అయినా అదే సమయంలో ఇల్లు కట్టకపోతే జనాభా నిలిచిపోతుంది, స్కౌట్ ఎక్కడో శత్రువు టౌన్ సెంటర్ కిందకు వెళ్లి బాణాలు తింటూ ఉంటుంది. ఇరవై ఏళ్లుగా ఆడుతున్నాను, ఇప్పటికీ ఆ పందిని తెచ్చేటప్పుడు నేను కుర్చీ అంచుకు జరుగుతాను.

మీ ఓటమి విషయానికి వస్తే, వెయ్యి ఆహారం మిగిలి ఉండడం పొదుపు అనుకోకండి. అది పుట్టని ఇరవై మంది విలేజర్లతో సమానం. క్యాజిల్ ఏజ్‌కు చేరగానే ఇంకా రెండు టౌన్ సెంటర్లు కట్టండి, ఒక్కొక్కదానికి 275 కలప, 100 రాయి అవుతాయి. సైనికశాలలు కూడా ఒక్కదానితో సరిపెట్టకండి. గుర్రాలు వస్తే ఈటెవాళ్లను, విలుకాళ్లు వస్తే స్కర్మిషర్లను (బల్లేలు విసిరేవాళ్లను) నిలబెట్టాలన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఏవి వస్తున్నాయో ముందుగా చూడడానికే ఆట మొదట్లోనే ఒక స్కౌట్‌ను ఇచ్చారు, గొర్రెలు దొరికాక దానిని ఒక మూల నిలబెట్టి మరచిపోకండి.

పలాస_జీడితోట (శ్రీకాకుళం జిల్లా):

ఇంత పెద్ద కారణాలు వెతకనక్కరలేదని నా అభిప్రాయం. చచ్చిపోయిన విలేజర్ కోసం ఏడ్చేవాళ్లు ఎవరూ లేరు, ఓడిపోయినా నష్టపోయేది ఒక గంట మాత్రమే. నష్టం లేని ప్రమాదం ఎవరికైనా బాగానే ఉంటుంది. నేను ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో ఈ ఆటకు అలవాటు పడి మూడు సబ్జెక్టులు మిగుల్చుకున్నవాడిని కాబట్టి చెబుతున్నాను: ఒక మ్యాచ్ నలభై నిమిషాలు అనుకుని కూర్చుంటే, ఓడినవాడు పగ తీర్చుకోవడానికి ఒకటి, గెలిచినవాడు ఊపు మీద ఒకటి ఆడకుండా లేవడు. పరీక్షల నెలలో ల్యాప్‌టాప్‌ను మీ బావ దగ్గరే ఉంచండి.

బొబ్బిలి_మాస్టారు (విజయనగరం జిల్లా):

నేను ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాడిని. మనవడు సెలవులకు వచ్చినప్పుడు వాడి పక్కన కూర్చుని ఈ ఆట చూశాను, తరువాత వాడి చేతనే నేర్చుకున్నాను. నా ఆటను చూసి వాడు నవ్వుతాడు, అది వేరే విషయం. చరిత్ర పేర్లు పైపూత మాత్రమేనా అన్న ప్రశ్నకు నాకు తోచినది చెబుతాను.

ఆట మొదలవగానే తెర అంతా నల్లగా ఉంటుంది. మన మనుషులు నడిచిన చోటు మాత్రమే వెలుగులోకి వస్తుంది, వాళ్లు అక్కడి నుంచి కదిలిపోగానే ఆ చోటు మసకబారుతుంది, ఆ మసకలో నేల, చెట్లు కనిపిస్తాయి తప్ప అక్కడికి కొత్తగా వచ్చిన శత్రువు కనిపించడు. ఆటగాళ్లు దీనిని ఫాగ్ ఆఫ్ వార్ అంటారు. ఇది కంప్యూటర్లతో పుట్టిన ఊహ కాదు. ప్రష్యా సైన్యంలో రైస్‌విట్జ్ అనే అధికారి 1824లో అధికారుల శిక్షణ కోసం క్రీగ్‌ష్పీల్ అనే యుద్ధక్రీడకు నియమాలు రాసినప్పుడు, రెండు పక్షాలకూ మధ్యవర్తిగా ఒకరిని నియమించి, ఏ పక్షానికి ఏమి కనబడగలదో ఆ దిమ్మలను మాత్రమే పటం మీద పెట్టించాడు. సేనాపతికి శత్రువు ఎక్కడ ఉన్నాడో తెలియకపోవడమే యుద్ధంలో అసలు స్థితి అని ఆ సైన్యం గుర్తించింది. మీ గుండె దడకు నాగావళి_ఒడ్డు గారు చెప్పిన కాలం ఒక కారణమైతే, ఈ చీకటి రెండో కారణం.

ఈ చీకటి ఎంత ప్రాణాంతకమైనదో తెలుసుకోవడానికి మనం ప్రష్యా దాకా పోనవసరం లేదు. మా ఊరి యుద్ధ స్తంభం దగ్గర నిలబడితే చాలు. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం ప్రభువు పూసపాటి విజయరామరాజు కలిసి బొబ్బిలి కోటను ముట్టడించారు. ఫిరంగులు ఒక వైపు, మట్టి గోడలు ఒక వైపు. ఆ సమయంలో తాండ్ర పాపారాయుడు రాజాంలో ఉన్నాడని, కబురు అందేసరికి అంతా అయిపోయిందని మా ప్రాంతంలో తరతరాలుగా చెప్పుకుంటారు. నేడు రాజాం నుంచి బొబ్బిలికి బస్సులో వచ్చేసరికి టీ చల్లారదు. ఆనాడు ఆ దూరమే చీకటి. ఆటలో మీ సైన్యం పటంలో ఒక మూల ఉండగా టౌన్ సెంటర్ మీద దాడి జరుగుతున్నట్లు బూర మోగినప్పుడు, మీరు మినీమ్యాప్ (తెర మూలనుండే చిన్న పటం) మీద నొక్కి గుర్రాలను వెనక్కి తిప్పుతారు, అవి వచ్చేలోపు ఎంతమంది మిగులుతారో లెక్క వేసుకుంటారు. పాపారాయుడికి ఆ బూర వినబడలేదు. కొద్ది రోజులకే అతడు రాత్రివేళ విజయరామరాజు డేరాలో దూరి చంపిన కథ మీ అందరికీ తెలిసినదే.

ఆట ఎక్కడ ఆగిపోతుందో కూడా చెప్పాలి. శత్రువు పూర్తిగా ఓడిపోగానే తెర మీద 'విజయం' అని అక్షరాలు వస్తాయి. బొబ్బిలిలో కోట కూలాక అసలు కథ మొదలైంది. విజయరామరాజు తరువాత గద్దెనెక్కిన ఆనంద గజపతిరాజుకు ఫ్రెంచివారితో పొసగలేదు, ఆయన ఇంగ్లీషువారిని పిలిచాడు. క్లైవ్ బెంగాల్ నుంచి కల్నల్ ఫోర్డ్‌ను పంపాడు, 1758 డిసెంబరులో గోదావరి ప్రాంతంలోని చందుర్తి దగ్గర ఫ్రెంచివారు ఓడిపోయారు, మరుసటి ఏడాది మచిలీపట్నం కూడా పోయింది. అదే విజయనగరం సంస్థానం 1794 జూలై 10న పద్మనాభం దగ్గర కంపెనీ సైన్యంతోనే తలపడవలసి వచ్చింది, చిన్న విజయరామరాజు అక్కడ నేలకొరిగాడు. సాయం పిలిచినవాడికి ఆ సాయం ముప్పై అయిదేళ్ల తరువాత ఎలా తిరిగి వచ్చిందో ఏ మినీమ్యాప్ చూపించగలదు? ఆటలో మిత్రుడు అన్న గుర్తు పెట్టినవాడు సాధారణంగా మిత్రుడుగానే ఉంటాడు. పేష్కస్ (కప్పం) బాకీలు లేవు, జీతం అందని సిపాయి లేడు, జ్వరాలు లేవు.

అయినా పేర్లు ఊరికే పెట్టినవి కావు. 2022లో వచ్చిన డైనాస్టీస్ ఆఫ్ ఇండియా అనే విస్తరణలో, అంతకు ముందు 'ఇండియన్స్' అనే ఒకే ముద్ద కింద ఉన్నవారిని హిందుస్తానీలు, బెంగాలీలు, గుర్జరులు, ద్రావిడులు అని విడదీశారు. ద్రావిడులకు వుట్జ్ స్టీల్ అనే ప్రత్యేక విద్య ఉంటుంది, అది నేర్చుకున్న కాల్బలం కత్తి ఎదుటివాడి కవచాన్ని లెక్క చేయదు. వుట్జ్ అన్న మాట మన 'ఉక్కు' నుంచే యూరపు భాషలకు వెళ్లిందని చెబుతారు, తెలంగాణలోని కోనసముద్రం ఆ ఉక్కుకు పేరుపడిన ఊరు. మా మనవడికి ఈ సంగతి చెప్పిన రోజు నుంచి వాడు ఆ బొమ్మ మీద నొక్కినప్పుడల్లా "తాతయ్యా, ఉక్కు వచ్చింది" అని అరుస్తాడు. ద్రావిడులకు ఇచ్చిన కథ రాజేంద్ర చోళుడిది. ఆయన సేనలు గంగ దాకా వెళ్లినది మన కళింగం మీదుగానే, శ్రీకాకుళం జిల్లా సరిహద్దున కనబడే మహేంద్రగిరి మీద చోళుల విజయాన్ని చెప్పే శాసనం ఉంది. ముఖలింగం రాజధానిగా ఏలిన గంగరాజులకు మాత్రం ఆటలో చోటు దొరకలేదు. అనంతవర్మ చోడగంగుడికి ఒక కాంపెయిన్ (కథగా సాగే ఆటల వరుస) రాయగల వయస్సు నాకు లేదు, కొత్త పటాలు తయారుచేసుకోవడానికి ఆటతోపాటు వచ్చే సీనారియో ఎడిటర్‌లో మీలాంటి కుర్రవాళ్లు వంశధారను గీసి మొదలుపెట్టవచ్చు.

చంపావతి_గట్టు (నెల్లిమర్ల):

మాస్టారికి నమస్కారం. బొబ్బిలి, చందుర్తి, పద్మనాభం మూడింటినీ ఒక వరుసలో ఎవరూ నాకు ఇలా చెప్పలేదు.

నేను ర్యాంక్డ్ మ్యాచ్‌లు (ఆన్‌లైన్‌లో రేటింగ్ కోసం ఆడే పోటీలు) ఆడుతాను. అమ్మాయినని తెలియనివ్వకుండా ఆడిన రోజులు కొన్ని ఉన్నాయి, ఇప్పుడు ఆ బెంగ లేదు. ర్యాంక్డ్‌లో అందరినీ 1000 రేటింగ్‌తో మొదలుపెడతారు, నేను మొదటి నెలలో 700 కిందకు జారిపోయి, ఏడాదికి మళ్లీ 1100 దాటాను. నాగావళి_ఒడ్డు గారి 25 సెకన్ల లెక్కకు ఒక సవరణ చేస్తాను. ఆన్‌లైన్ ఆట 1.7 రెట్ల వేగంతో నడుస్తుంది, కాబట్టి తెర మీద కనిపించే 25 సెకన్లు మన గోడ గడియారంలో 15 సెకన్ల కంటే తక్కువే. అంటే ఒకసారి ముఖం తుడుచుకునేలోపు ఒక మనిషి పుట్టవలసి ఉంటుంది.

ఆయన చెప్పినదానితో నేను పూర్తిగా ఏకీభవించలేను. లెక్కలోనే ఉత్కంఠ ఉంటే, లెక్క బాగా వచ్చినవారికి అది పెరగాలి కదా? నా విషయంలో తగ్గింది. ఏ విలేజర్ ఎక్కడికి వెళ్లాలో చెప్పే బిల్డ్ ఆర్డర్లను కంఠస్థం చేసుకున్నాక, మొదటి ఎనిమిది నిమిషాలు నాకు ఎక్కాలు అప్పజెప్పినట్లు అయిపోయాయి. పంది వస్తుంది, ఇల్లు లేస్తుంది, ఫ్యూడల్ మీద నొక్కుతాను, చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటాయి. మధ్యలో రెండు నెలలు ఆట మానేశాను కూడా.

మళ్లీ ఆటలోకి వచ్చినది ఒక్క మ్యాచ్ వల్ల. అరేబియా అనే మ్యాప్, క్యాజిల్ ఏజ్, నా మీదకు నైట్ (కవచం తొడిగిన రౌతుల) గుర్రాలు రెండు దిక్కుల నుంచి వచ్చాయి. గోడకు ఒక చోట ఒక గడి ఖాళీ వదిలాను, అక్కడి నుంచే దూరాయి. కలప కొట్టేవాళ్లు మొత్తం పోయారు. టౌన్ సెంటర్‌లో దాక్కున్నవాళ్లను రాళ్లు విసిరే యంత్రాలు బయటకు తరిమాయి. నాకు మిగిలినది అయిదుగురు విలేజర్లు, 310 కలప, 140 రాయి. ఓటమి ఒప్పుకుని బయటకు రావడానికి మెనూ తెరిచాను, మూసేశాను. ఆ అయిదుగురినీ పటం అంచు వెంబడి చెట్ల నీడలో నడిపించాను. వాడి స్కౌట్ ఒకటి మాకు ఎదురుగా వచ్చి, చెట్లకు అటువైపు నుంచి వెళ్లిపోయింది. ఆ నాలుగు సెకన్లు నేను ఊపిరి తీసుకోలేదని మా చెల్లి చెప్పింది. పై మూలకు చేరాక 275 కలప, 100 రాయి ఖర్చు పెట్టి కొత్త టౌన్ సెంటర్ కట్టాను. వాడు నా పాత ఊళ్లో మిగిలిన ఇళ్లను ఒక్కొక్కటీ కూలుస్తూ, ఆట ఇంకా ఎందుకు ముగియడం లేదో తెలియక తిరుగుతున్నాడు. ఇరవై నిమిషాల తరువాత నా సన్యాసులు వాడి గుర్రాలను "వొలొలో" అంటూ నా వైపు తిప్పుకోవడం మొదలుపెట్టారు.

ఆ మ్యాచ్ నేను గెలవలేదు. గంటా పది నిమిషాలకు ఓడిపోయాను, వాడు చివరలో బాగా ఆడావని రాసి వెళ్లాడు. నేను గెలిచిన మ్యాచ్‌లలో పదింట తొమ్మిది నాకు గుర్తు లేవు, ఇది మాత్రం గడిగడీ గుర్తుంది. మాస్టారు చెప్పిన చీకటి మనల్ని భయపెడుతుందన్నది నిజమే, ఆ రోజు అదే చీకటి నన్ను దాచిపెట్టింది కూడా. నాకు తెలియనిది ఎంత ఉందో ఎదుటివాడికి తెలియనిదీ అంతే ఉంటుందన్న ఊహ వచ్చాక, బిల్డ్ ఆర్డర్ అయిపోయిన తరువాతి ఆట నాకు మళ్లీ కొత్తదైంది. అందువల్ల కోటగుమ్మం గారికి నేను చెప్పేది ఒకటే: టౌన్ సెంటర్ల సంఖ్య పెంచండి, హాట్‌కీలు (కీబోర్డు షార్ట్‌కట్లు) నేర్చుకోండి, గోడకు గడి వదలకండి, ఓడిపోతున్నప్పుడు మాత్రం వెంటనే బయటకు రాకండి.

పలాస_జీడితోట గారు చెప్పిన సబ్జెక్టుల సంగతి నిజం. నాకు ఒకటి మిగిలింది, రాసేశాను.

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం):

చంపావతి_గట్టు గారి సవరణను ఒప్పుకుంటున్నాను. మా నెట్ సెంటర్ రోజుల్లో బిల్డ్ ఆర్డర్ అన్న మాటే మాకు తెలియదు, ఎవరి వంటకం వారిది. అందుకే మాకు ఆ మొదటి పది నిమిషాలు అరగలేదేమో. అయిదుగురితో పటం అంచున నడిచిన కథ చదువుతున్నప్పుడు నాకు కూడా చెయ్యి బిగిసింది. ఇంతకీ ఆ గోడలో గడి వదిలినది చెట్టు పక్కనా? చెట్టు ఉంది కదా అని అక్కడ గోడ ఆపుతాం, తరువాత మన కలపవాళ్లే ఆ చెట్టును కొట్టేస్తారు. నేను ఇలా కనీసం యాభై సార్లు ఓడిపోయాను.

చంపావతి_గట్టు (నెల్లిమర్ల):

చెట్టు పక్కనే. నేనే కొట్టించాను.

కోటగుమ్మం (విజయనగరం):

అందరికీ కృతజ్ఞతలు. వారం రోజులు ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు మన్నించండి. మాస్టారు చెప్పిన ఉక్కు కోసం ఈ వారమంతా ద్రావిడులతోనే ఆడాను. వారికి నైట్ గుర్రాలు ఉండవని మూడో మ్యాచ్‌లో గాని తెలియలేదు, అందాకా స్టేబుల్ (గుర్రపుశాల) కట్టి అందులో వెతుకుతూ కూర్చున్నాను. ఒక యుగం నుంచి తరువాతి యుగానికి మారినప్పుడల్లా 200 కలప ఉచితంగా వస్తుంది కాబట్టి ఫ్యూడల్‌కు చేరగానే రెండు ఆర్చరీ రేంజ్‌లు (విలుకాళ్ల శిక్షణశాలలు) కట్టడం అలవాటు చేసుకున్నాను. నాగావళి_ఒడ్డు గారు చెప్పినట్లు క్యాజిల్ ఏజ్‌లో మూడు టౌన్ సెంటర్లు నడిపించే ప్రయత్నం చేస్తే, మొదటి రెండు ఆటల్లో మూడింటినీ ఒకేసారి మరచిపోయాను. పొద్దున్నే కాలేజీ బస్సు ఎక్కేటప్పుడు కూడా మనస్సులో ఎక్కడో పదిహేను సెకన్లకొకసారి గంట మోగుతున్నట్లు ఉంటున్నది, ఇది మంచిదో కాదో తెలియదు.

నిన్న రాత్రి ఒక మ్యాచ్ గెలిచాను. ఎదుటివాడు నాకంటే కొత్తవాడు అయి ఉండవచ్చు. ఇరవై తొమ్మిదో నిమిషంలో వాడి విలుకాళ్లు నా బంగారు గని మీదకు వచ్చారు, ఈసారి స్కౌట్‌ను వాడి ఊరి దారిలో నిలబెట్టి ఉంచాను కాబట్టి అరనిమిషం ముందే చూశాను, స్కర్మిషర్లు సిద్ధంగా ఉన్నారు. ఆ అరనిమిషం వాళ్లు నడిచి వస్తుంటే చూడడం, గెలిచిన క్షణం కంటే ఎక్కువగా కుదిపింది.

అమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి గొర్రెల గురించి అడగలేదు. కుర్చీ వెనక నిలబడి, యుద్ధం జరుగుతున్న చోటును వదిలేసి, తెర కింది మూలకు వేలు చూపించి, "ఆ మనిసి ఊరికే నిల్చున్నాడేట్రా?" అంది. చూస్తే పొలం అయిపోయిన విలేజర్ ఒకడు మిల్లు పక్కన ఎప్పటి నుంచో ఖాళీగా నిలబడి ఉన్నాడు. వాడిని చెట్ల మీదకు పంపేదాకా ఆమె అక్కడి నుంచి కదలలేదు.